అంగుళమునకు కొంచెము తక్కువ

పశ్చిమాఫ్రికాలో, నైజీరియా దేశపు నైరృతి భాగమున, ఇబాదాన్, ఇలే-ఇఫే, ఒగ్బొమోషో, అబెయోకుట మున్నగు నగరములతో జనసమృద్ధమై, పడమట బెనిన్, టోగో దేశములలోనికిని వ్యాపించియున్న భూభాగము యోరుబా ప్రజల నివాసము. ఐరోపావారి యోడలు ఆ తీరమున కనబడుటకు పూర్వమే పట్టణములు కట్టుకొని, ఇత్తడితో రాజముఖములను పోతపోసి, సంతలను సభలను నడపుకొనిన జాతి యది. నేటి జన్యుశాస్త్రజ్ఞులకు ఈ జాతి పేరు సుపరిచితము. మానవుల జన్యుభేదములకు పటము గీయబూనిన అంతర్జాతీయ బృందము 2005లో తన తొలి ఫలితములను ప్రకటించినపుడు, ప్రపంచము మొత్తముమీద ఎన్నుకొన్న 269 మందిలో 90 మంది ఇబాదాన్ నగరపు యోరుబావారే. కణగర్భమునందలి అణువుల వరకు ఇంత నిశితముగా పరిశీలింపబడిన జనులకు, కంటికి కనబడు పాదముల పొడవు వెడల్పులను కొలుచుట యొక పరిశోధనయా యని పాఠకుడు శంకింపవచ్చును. శంక సహజమే గాని, జన్యువుల పట్టికను చూచి ఒక శవము స్త్రీదో పురుషునిదో చెప్పుటకు ప్రయోగశాల కావలెను, ధనము కావలెను, కాలము కావలెను. పాదమును కొలుచుటకు ఒక కొలబద్దయు, కొంత ఓర్పును చాలును.

ఈ కొలతలను సేకరించినవారు చాలవరకు ఆ దేశపు విశ్వవిద్యాలయములలోని శరీరనిర్మాణశాస్త్ర శాఖలవారు. 1948లో ఇబాదాన్‌లో విశ్వవిద్యాలయ కళాశాల వెలసెను. 1962లో మరియొక విశ్వవిద్యాలయము ఇబాదాన్‌లోనే తరగతులను ప్రారంభించి, పిదప ఇలే-ఇఫేకు తరలెను, అదియే నేడు ఒబాఫెమి అవొలొవొ పేరిట ప్రసిద్ధమైయున్నది. అధ్యాపకుడు పరిశోధనకు మనుష్యులు కావలెనని తలచినపుడు మొట్టమొదట అతని కంటబడువారు విద్యార్థులే గనుక, ఇట్టి గ్రంథములలో 'యువజనులు' అను మాటకు పదునెనిమిదేండ్లకును ముప్పదియేండ్లకును నడిమి వయసుగల విద్యార్థులని అర్థము చేసికొనవలెను. సౌలభ్యముచే జరిగిన యీ యెన్నికకు శాస్త్రీయమైన సమర్థన కూడ లేకపోలేదు. ఆ వయసునకు పాదము పెరుగుదల ముగిసియుండును. వార్ధక్యముచే స్నాయువులు సడలి అరికాలు చదునగుట ఇంకను మొదలై యుండదు. తల్లివైపువారును తండ్రివైపువారును యోరుబావారే యగుటయు, పాదమునకు గాయము గాని వైకల్యము గాని లేకుండుటయు ఇట్టి పరిశోధనలలో సాధారణముగా పెట్టు నిబంధనలు.

కొలుచు విధానము సులభముగనే తోచును. కొలతకు వచ్చినవారు చెప్పులు విడిచి, రెండు పాదములమీదను దేహభారమును సమముగా మోపి నిలువవలెను. మడమ యందు అన్నిటికంటె వెనుకకు చొచ్చుకొని వచ్చిన బిందువు మొదలుకొని, ముందు అన్నిటికంటె దూరము సాగిన వ్రేలికొన వరకు గల సరళరేఖ పాదము పొడవు. వ్రేలికొన యనగా బొటనవ్రేలిదే యని తలపరాదు. కొందరికి దాని ప్రక్కవ్రేలు పొడవైయుండును, ఏది ముందుకు సాగిన దానినే గైకొనవలెను. బొటనవ్రేలి మొదట లోపలి వైపునను, చిటికెనవ్రేలి మొదట వెలుపలి వైపునను ఉబికియుండు రెండు బిందువుల నడిమి దూరము వెడల్పు. ఆ వెడల్పును నూరుచే గుణించి పొడవుచే భాగింపగా వచ్చునది పాదసూచిక.

అయినను పాదము కొయ్యముక్క కాదు. ఇరువదియారు ఎముకలు, వానిని బిగించిన స్నాయువులు, విల్లువలె వంగిన అరికాలు, ఇవన్నియు బరువు మోపినపుడు కొంత సాగి, బరువు తీసినపుడు ముడుచుకొనును. కూర్చున్న మనిషి పాదమును కొలిచి, ఆ మనిషినే నిలువబెట్టి మరల కొలిచినచో పొడవు కొన్ని మిల్లీమీటర్లు పెరుగును. ఉదయమున కొలిచిన పాదము సాయంకాలమునకు కొంత ఉబ్బియుండును. ఎడమ కుడి పాదములు అచ్చముగా సమానమైయుండుట అరుదు. పురుషులను ఒకరును స్త్రీలను వేరొకరును కొలిచినచో, ఆ యిద్దరి చేతి అలవాటులోని తేడాయు స్త్రీపురుషభేదము వేషమున పట్టికలోనికి ఎక్కును. మనము వెదకు భేదము సుమారు రెండు సెంటీమీటర్లది మాత్రమే గనుక, మూడు నాలుగు మిల్లీమీటర్ల అజాగ్రత్తను క్షమించుటకు వీలులేదు. ప్రతి పాదమును రెండు మారులు కొలిచి, ఆ రెంటి నడిమి తేడాను కూడ ప్రకటింపని పరిశోధనను నేను కొంత యనుమానముతోనే చదువుదును.

మానవదేహమును కొలుచు విద్యకు గౌరవప్రదమైన పూర్వచరిత్ర లేదని ఇచట ఒక మాట చెప్పక తప్పదు. 1880 ప్రాంతమున పారిస్ పోలీసుశాఖలో ఆల్ఫోన్స్ బెర్టియోన్ అనునతడు నేరస్థులను గుర్తించుటకై పదునొకండు కొలతలు గల పద్ధతి నొకదానిని కల్పించెను. వానిలో ఎడమపాదము పొడవు ఒకటి. ఆ పద్ధతి భారతదేశమునకును వచ్చి, 1897లో వంగదేశమున వ్రేలిముద్రలు ప్రవేశించిన పిదప వెనుకబడెను. ఆ కాలముననే హెర్బర్ట్ రిస్లీ మన దేశీయుల ముక్కులను కొలిచి, వాని వెడల్పునుబట్టి కులముల ఉచ్చనీచములను నిర్ణయింపజూచెను. వలసప్రభువుల చేతిలో కొలబద్ద అధికారదండమయ్యెను. నేడు యోరుబా విద్యార్థుల పాదములను యోరుబా అధ్యాపకులే కొలుచుకొనుచున్నారనునది అందువలన అల్పవిషయము కాదు.

ఇక ఫలితము. పురుషుల పాదము పొడవు సగటున 26, 27 సెంటీమీటర్ల నడుమను, స్త్రీలది 24, 25 సెంటీమీటర్ల నడుమను ఉండును. అంతరము సుమారు రెండు సెంటీమీటర్లు, అనగా అంగుళమునకు కొంచెము తక్కువ. ఇది యోరుబావారికి మాత్రమే ప్రత్యేకమైన విషయము కాదు. భూమిమీద ఏ జాతిని కొలిచినను ఇంచుమించుగ ఇట్టి భేదమే కనబడును. ఎత్తుతో పోల్చినచో పాదము పొడవు మనిషి ఎత్తులో పదునైదు శాతము చుట్టును తిరుగుచుండును. పురుషుడు ఎత్తరి గనుక అతని పాదము పొడవు, స్త్రీ పొట్టి గనుక ఆమె పాదము చిన్నది, ఇంతకు మించి ఇందు వింత యేమున్నదని అడుగువారికి సమాధానము చెప్పుటకు ముందు, ఆ భేదము దేహమున ఎట్లు పుట్టుచున్నదో చూడవలెను.

బాల్యమున ఆడపిల్లల పాదములకును మగపిల్లల పాదములకును చెప్పుకొనదగిన భేదము లేదు. పొడవైన ఎముకల కొనలయందు మృదులాస్థి పొరలు కలవు. ఎముక పొడవు పెరుగుట ఆ పొరలయందే జరుగును. అవి గట్టిపడి ఎముకలో కలిసిపోయిన నాటితో పెరుగుదల ఆగును. పాదము దేహములోని ఇతరభాగములకంటె ముందుగా పెరిగి, ముందుగా ఆగును. పిల్లవాడు ఎత్తు సాగుటకు ముందే అతని చెప్పులు బిగియుట తల్లులందరు ఎరిగినదే. ఆడపిల్లలకు పండ్రెండు, పదునాలుగేండ్ల నడుమనే పాదము పూర్తి పొడవునకు వచ్చును. మగపిల్లలకు మరి రెండేండ్లు అదనముగా లభించును. ఈ రెండేండ్లే అంగుళమునకు కొంచెము తక్కువయైన అంతరమునకు ముఖ్యకారణము.

ఎముకకొనలను మూయు తాళపుచెవి ఈస్ట్రోజెన్ అను హార్మోను. స్త్రీ హార్మోనని పేరుపడిన యీ పదార్థము పురుషుని ఎముకలను గూడ మూయుచున్నదని 1994లో ప్రకటితమైన ఒక రోగి వృత్తాంతము తేటతెల్లము చేసెను. ఇరువదియెనిమిదేండ్ల ఆ పురుషుని దేహమున ఈస్ట్రోజెనును గ్రహించు జన్యువు చెడియుండుటచే అది పనిచేయలేదు. పురుషహార్మోనులు సమృద్ధిగనే యున్నను, అతని ఎముకకొనలు ఇంకను తెరచియే యుండెను. ఎత్తు 204 సెంటీమీటర్లు. బాలికలలో ఈస్ట్రోజెన్ ముందుగా విజృంభించును గనుక తలుపు ముందుగా మూతపడును. స్త్రీకి ఒక పదార్థము, పురుషునికి వేరొక పదార్థము పనిచేయుటచే గాక, ఉభయులయందును ఉన్న ఒకే పదార్థము వేర్వేరు కాలములయందు, వేర్వేరు పరిమాణములలో పనిచేయుటచే ఈ భేదము కలుగుచున్నది.

స్త్రీపాదము పురుషపాదమునకు చిన్నప్రతి మాత్రమేనా? కాదని రెండు విధములుగా తేలినది. మొదటిది, ఎత్తునకు గల నిష్పత్తినిబట్టి చూచినను స్త్రీపాదము కొంచెము చిన్నదే. పలుజాతుల కొలతలను పరిశీలించిన ఫెస్లర్ బృందము 2005లో ఈ విషయమును ప్రకటించెను. స్త్రీలను ఎన్నుకొనునపుడు పురుషులు చిన్నపాదములను మెచ్చుటయే దీనికి కారణమని ఊహించినవారును కలరు. ఊహ రమ్యమే గాని, సాక్ష్యము బలహీనము, కావున దానిని అంతటితో విడుతును. రెండవది ఆకారభేదము. అమెరికా సైన్యమునందలి సుమారు ఎనిమిదివందల స్త్రీపురుషుల పాదములను కొలిచిన వుండర్‌లిచ్, కావనా అను ఇరువురు 2001లో చూపినదేమనగా, పొడవును సమము చేసి లెక్కించినను స్త్రీపాదము పురుషపాదము వంటిది కాదు. అరికాలి వంపునందును, బొటనవ్రేలి దళసరియందును, చీలమండ చుట్టుకొలతయందును భేదములు మిగిలిపోవును. పురుషుల బూటు అచ్చును అన్ని వైపులను సమముగా కుదించి స్త్రీల బూట్లు తయారుచేయు కర్మాగారములవారికి ఇది చేదువార్త. సైన్యమున, గనులలో, ఆసుపత్రులలో దినమంతయు నిలువబడు స్త్రీల పాదములకు మాత్రము అది క్రొత్తవార్త కాదు.

ఇప్పుడు అసలు చిక్కు. సగటుల నడుమ అంతరమున్నదని చెప్పుట ఒకటి, ఎదుట నున్న పాదము ఎవరిదో చెప్పుట మరియొకటి. కళ్లమున రెండు వడ్లరాసులను ప్రక్కప్రక్కనే పోసినచో, వాని శిఖరములు వేరువేరుగా నిలిచినను, అంచులు జారి ఒకదానిలో నొకటి కలిసిపోవును. ఆ నడిమిచోట గింజ నొకదానిని చేతికెత్తి ఇది ఏ రాశిదని చెప్పుట యెవరికిని శక్యము కాదు. లెక్క సుగమమగుటకై పురుషుల సగటును 26.5 సెంటీమీటర్లుగను, స్త్రీలదానిని 24.5 గను ఊహింతము. వ్యక్తులు తమ తమ సగటునుండి ఎంత ఎడముగా చెదరియుందురో తెలుపు ప్రామాణిక విచలనమును ఇరువురికిని 1.2 సెంటీమీటర్లనుకొందము. రెండు సగటుల నట్టనడుమ 25.5 వద్ద గీత గీచి, అంతకు మించినవి పురుషపాదములనియు, అంతకు తగ్గినవి స్త్రీపాదములనియు తీర్పు చెప్పినచో నూటికి సుమారు ఎనుబదిమార్లు ఆ తీర్పు సరియగును; ప్రతి ఐదుగురిలోను ఒకరి విషయమున తప్పును. ఏ ఆధారమును లేక నాణెము నెగురవేసి చెప్పినను నూటికి ఏబదిమార్లు సరిపోవునని జ్ఞాపకముంచుకొన్నచో, ఈ ఎనుబది మొదట తోచినంత ఘనముగా తోచదు. ఒక యువకుని, ఒక యువతిని ఏ యెన్నికయు లేక జంటగా నిలిపి చూచినచో, ఇంచుమించుగ ప్రతి ఎనిమిది జంటలలో ఒక జంటయందు యువతి పాదమే పొడవైయుండును.

న్యాయస్థానమున సాక్ష్యము చెప్పవలసిన వైద్యునికి ఐదింట ఒకటి తప్పగు తీర్పు పనికిరాదు. అందుకై మరియొక పద్ధతి కలదు. స్త్రీల సగటునకు మూడు విచలనములు కూడి 28.1 గను, పురుషుల సగటునుండి మూడు విచలనములు తీసివేసి 22.9 గను రెండు గీతలు గీయుదురు. మొదటిదానికి మించినది నిశ్చయముగా పురుషునిదనియు, రెండవదానికి తగ్గినది నిశ్చయముగా స్త్రీదనియు చెప్పి, నడుమ నున్నవానిని గూర్చి మౌనము వహింతురు. 1966లో ఇందర్ జిత్, సింగ్ అను భారతీయ శరీరశాస్త్రజ్ఞులు మెడక్రింది జత్రుకాస్థుల విషయమున ఇట్టి సీమాబిందువులను ప్రతిపాదించిరి; మన దేశపు శవపరీక్షాశాస్త్రమున అవి నేటికిని ఆదరింపబడుచున్నవి. అయితే ఈ నిశ్చయమునకు చెల్లింపవలసిన మూల్యము పెద్దది. మనము గైకొన్న సంఖ్యలతో లెక్కవేసినచో నూటికి తొమ్మండుగురు పురుషులు, తొమ్మండుగురు స్త్రీలు మాత్రమే ఈ గీతలకు వెలుపల పడుదురు. తక్కిన తొంబదియొక్కరిని గూర్చి పొడవు ఏమియు చెప్పజాలదు. ఎక్కువమందిని గూర్చి కొంత తప్పుగా చెప్పుటయా, కొద్దిమందిని గూర్చి సరిగా చెప్పుటయా యను యీ ఎన్నికను గణితము మన తరపున చేయదు.

పొడవుతో బాటు వెడల్పును, మడమ వెడల్పును, చీలమండ ఎత్తును చేర్చినచో తీర్పు మెరుగుపడదా? పడును, కాని ఆశించినంత కాదు. పొడవైన పాదము తరచుగా వెడల్పుగను ఉండును గనుక, రెండవ కొలత చెప్పునదానిలో చాలభాగము మొదటి కొలత ముందే చెప్పియుండును. ఒకదానితో నొకటి ముడివడిన ఇట్టి కొలతల నన్నిటిని కలిపి ఒకే సంఖ్యగా మార్చి తీర్పు చెప్పు విధానమును 1936లో రొనాల్డ్ ఫిషర్ పూలరేకుల కొలతలను ఉదాహరణముగా గైకొని నిర్మించెను. ఆ సంవత్సరముననే ప్రశాంతచంద్ర మహలనోబిస్ రెండు జనసమూహముల నడిమి దూరమును కొలుచు సూత్రమును ప్రకటించెను. కలకత్తాలోని ఆంగ్లో-ఇండియనుల దేహపుకొలతలను పరిశీలించుచుండగనే అతని కా తలంపు మొలకెత్తినది. వీరిరువురి మార్గములను కలిపి ముందుకు సాగించినవాడు మన తెలుగువాడు. ఆంధ్రవిశ్వవిద్యాలయమున గణితము చదివి కలకత్తా చేరిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1946లో కేంబ్రిడ్జికి వెళ్ళినది ఆఫ్రికాఖండపు ఎముకలను లెక్కవేయుటకే. సూడాన్ దేశమున జెబెల్ మోయా యను చోట 1911 మొదలు 1914 వరకు జరిగిన త్రవ్వకములలో వెలువడిన ప్రాచీనుల అస్థికలు కేంబ్రిడ్జి మ్యూజియమున పడియుండెను. ఆ కొలతలతో కుస్తీపట్టుచునే ఆయన, రెండు వర్గములకు మాత్రమే పనికివచ్చు ఫిషర్ విధానమును అనేక వర్గములకు విస్తరించి, 1948లో ప్రకటించెను. నేడు యోరుబా విద్యార్థుల పాదముల కొలతలను యంత్రములో పోసి మీట నొక్కు యువపరిశోధకుడు, తనకు తెలిసినను తెలియకున్నను, ఆ దారినే నడచుచున్నాడు.

ఒక జాతివారి కొలతలనుండి కట్టిన సూత్రము వేరొక జాతికి సరిపోదు. ఐరోపావారి గీతను యోరుబావారికి పెట్టినచో, యోరుబా యువతులలో ఎందరో పురుషులుగా లెక్కకెక్కుట గాని, యువకులలో ఎందరో స్త్రీలుగా లెక్కకెక్కుట గాని జరుగవచ్చును. ప్రతి జనసమూహమును వేరుగా కొలువవలసి వచ్చుటకు ఇదియే హేతువు. కాని జాతి యనగానే రక్తమని మాత్రమే తలచుట పొరపాటు. పాదముల విషయమున అలవాటునకు గల బలము తక్కువది కాదు. భారతదేశమున రెండువేల మూడువందల మంది పిల్లల అడుగుజాడలను పరిశీలించి ఉదయభాస్కరరావు, బెంజమిన్ జోసెఫ్ అను వైద్యులు 1992లో ప్రకటించిన ఫలితము ప్రపంచప్రసిద్ధము: చెప్పులు తొడుగు పిల్లలలో నూటికి 8.6 మందికి అరికాలు చదునుగా నుండగా, చెప్పులు లేకుండ తిరుగు పిల్లలలో 2.8 మందికే అట్లుండెను. దక్షిణభారతమున చెప్పులు లేకుండ తిరుగు పెద్దలను, బూట్లు తొడుగు భారతీయులను, పాశ్చాత్యులను పోల్చిచూచిన 2009 నాటి పరిశోధనలో, చెప్పులెరుగని పాదములు వెడల్పుగా విచ్చుకొని, దేహభారమును సమముగా పంచుకొనుచున్నట్లు కనబడెను. కనుక పల్లెలో వట్టికాళ్లతో పెరిగిన యోరుబా యువకుడును, లాగోస్ నగరమున బడికి బూట్లు తొడిగి పెరిగిన యోరుబా యువకుడును ఒకే జాతివారైనను, వారి పాదసూచికలు ఒక్కటియే కానక్కరలేదు. ఒకే యింట అన్న విశాలమైన చెప్పులును, చెల్లెలు ముందుభాగము సన్ననైన బూట్లును తొడుగుచు పెరిగినచో, వారి పాదముల వెడల్పులోని భేదమున ఎంత ప్రకృతిదో ఎంత అంగడిదో వేరుపరుచుట కష్టము. ఈ కారణముచేతనే వెడల్పుకంటె పొడవును నేను ఎక్కువగా విశ్వసింతును.

ఇన్ని సంశయములున్నను ఈ పని నిరుపయోగము కాదు. 2012 జూన్ 3న లాగోస్ శివారునందలి ఇజు-ఇషాగా యను జనావాసముపై విమానము కూలి, అందలి 153 మందియు మరణించిరి. అట్టి ఘోరములయందు, అగ్నిప్రమాదములయందు, ప్రేలుళ్లయందు దేహములు ఛిన్నాభిన్నములైనను, బూటులో నున్న పాదము తరచుగా చెడక దొరకును. గుర్తింపు పని మొదలిడువారికి, ఈ పాదము ఏ ఎత్తు మనిషిది కావచ్చును, స్త్రీదా పురుషునిదా యను తొలి యంచనాయే వెదకవలసిన పేర్ల జాబితాను సగమునకు తగ్గింపగలదు. తుదితీర్పు జన్యుపరీక్షదే. ఈ హద్దును మరచినవారును లేకపోలేదు. అమెరికాలో లూయీస్ రాబిన్స్ అను మానవశాస్త్రజ్ఞురాలు, బూటు వేసికొన్నను ప్రతి వ్యక్తి అడుగుజాడయు ప్రత్యేకమైనదనియు, దానిని తాను గుర్తింపగలననియు పలు హత్యాభియోగములలో సాక్ష్యము చెప్పెను. 1987లో నిపుణులు సమావేశమై ఆమె పద్ధతికి శాస్త్రాధారము లేదని తేల్చిరి.

చివరకొక విషయము విద్యార్థినుల కొలతలతో సూత్రములు కట్టువారు గమనింపవలసియున్నది. గర్భధారణకాలమున దేహభారము పెరిగి, స్నాయువులు సడలి, పాదము సాగును. ప్రసవానంతరము అది పూర్తిగా పూర్వస్థితికి రాదు. 49 మంది స్త్రీలను గర్భముతో నున్న తొలినాళ్ళయందును, ప్రసవమైన కొన్ని నెలలకును కొలిచిన 2013 నాటి అమెరికా పరిశోధనలో, నూటికి అరువది డెబ్బది మంది పాదములు 2 మొదలు 10 మిల్లీమీటర్ల వరకు పొడవైనవి. మార్పులో అధికభాగము తొలికాన్పుననే జరిగెను. ఇలే-ఇఫే తరగతి గదులలో ఇరువదేండ్ల యువతులను కొలిచి గీచిన గీతను, ఇబాదాన్ నగరపు డుగ్బే, బొదిజా సంతలలో ఉదయము మొదలు సాయంకాలము వరకు అంగడి నడపు నలువదేండ్ల తల్లులకు వర్తింపజేయునపుడు దానిని కొంత జరపవలసి యుండును. వారి సగటు మూడు మిల్లీమీటర్లు పెరిగినచో, నడిమిగీత ఒకటిన్నర మిల్లీమీటరు పైకి పోవలెను.